గోడ వెనక నీళ్లు



ఒక అక్టోబరు నెలలో, ఇంకా తెల్లారకముందే మా అక్క ఫోను చేసింది. "ఒరేయ్ తమ్ముడూ, పెరటి గోడ పడిపోయిందిరా. బట్టలుతికే రాయి దాకా వచ్చేసింది మట్టి" అంది. వాయుగుండం పట్టి రెండు రోజులుగా ఎడతెరిపి లేని వాన. నేను వెళ్లేసరికి కాస్త తెరిపిచ్చింది. బావగారు గొడుగు పట్టుకుని పెరట్లో నిలబడి ఉన్నారు. నన్ను చూసి ఏమీ మాట్లాడలేదు. పిల్లలు రోజూ సాయంత్రం ఆడుకునే చోట, 7 అడుగుల ఎత్తు, 40 అడుగుల పొడవు గోడ బోర్లా పడి ఉంది. రాత్రిపూట కూలింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గోడ కట్టించింది నేనే.

అప్పటికే నేను ఇంజనీరుగా పదేళ్లు పని చేసి ఉన్నాను. స్తంభాలు, దూలాలు, స్లాబులు అంటే చేతి మీద గీతల్లా తెలుసు. పెరటి గోడే కదా అనుకున్నాను. మేస్త్రిని పిలిచి "ఎనిమిదంగుళాల హాలో బ్లాకుతో లేపెయ్యండి" అని చెప్పి వచ్చేశాను. వెనక కొండను నిలువుగా కోశారు. ఆ కోతకు రెండడుగులు ఇవతల గోడ లేచింది. మధ్యలో మిగిలిన సందులో కోసిన మట్టి, పగిలిన ఇటుకలు, ఇల్లు కట్టగా మిగిలిన చెత్త అంతా పోసి నింపేశారు. పైన అక్క బంతి మొక్కలు వేసుకుంది. నాలుగేళ్లు ఏ చిక్కూ లేదు.

పడిన గోడ ముక్కలు ముక్కలుగా రాలలేదు. అడుగు వరస దగ్గర తెగి, చాప మడిచినట్టు మొత్తం ముందుకు వాలిపోయింది. తెగిన చోట బ్లాకుల కన్నాలు కనిపిస్తున్నాయి. ఒక్క కన్నంలోనూ ఇనుప చువ్వ లేదు, కాంక్రీటు లేదు. ఒకదాంట్లో చిరిగిన సిమెంటు సంచి ముద్దగా ఉంది. వెనక కొండ కోత మాత్రం నిలువుగా అలాగే నిలబడి ఉంది, తడిసి మెరుస్తూ. సందులో పోసిన మట్టిలో వేలు పెడితే వెన్నలో దిగినట్టు దిగిపోయింది. వాన ఆగి గంట దాటినా అడుగు నుంచి ఎర్రనీళ్లు కారుతూనే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది నాకు. ఆ రాత్రి గోడను తోసింది కొండ కాదు. సందులో నిండిన నీళ్లు.

ఈ పూట నేను మాట్లాడేది అలాంటి గోడల గురించే. కొండవాలు మీద, ఏటవాలు స్థలాల్లో ఇళ్లు కట్టుకునేవాళ్లు సిమెంటు దిమ్మెలతో కట్టించే గోడల గురించి. ఇంజనీర్లు రిటైనింగ్ వాల్ అంటారు. మట్టిని నిలిపే గోడ అన్నమాట. మన విశాఖలో ఈ గోడ లేని కొండవాలు కాలనీ ఉండదు. విజయవాడ కొండ ప్రాంతంలోనూ అంతే, హైదరాబాదులో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ వాలుల మీదా అంతే.

ప్రహరీ గోడకీ ఈ గోడకీ చూపుకు తేడా లేదు. అదే బ్లాకు, అదే సిమెంటు, అదే మేస్త్రి. తేడా అంతా పనిలో ఉంది. ప్రహరీ తన బరువు తాను మోస్తే చాలు, గాలికి ఓర్చుకుంటే చాలు. రిటైనింగ్ వాల్ మీద మాత్రం ఒక మనిషి రాత్రింబవళ్లు భుజం ఆనించి తోస్తూనే ఉంటాడు. వాడు అలిసిపోడు, సెలవు తీసుకోడు. వాన పడితే వాడి బలం రెట్టింపవుతుంది.

ఆ బలం ఎంతో లెక్క చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. గోడలో ఒక మీటరు పొడవు ముక్కను మాత్రమే తీసుకుందాం. వెనక పొడి ఇసుక మట్టి ఉందనుకుందాం. ఘనమీటరు మట్టి సుమారు 1.8 టన్నుల బరువు ఉంటుంది. గోడ ఎత్తు 1 మీటరైతే ఆ ముక్క మీద మట్టి తోపు సుమారు 300 కిలోలు. ఎత్తు 2 మీటర్లయితే 600 అనుకుంటాం. అక్కడే మోసపోతాం. అది 1,200 కిలోలు. 3 మీటర్లయితే 2,700 కిలోలు. ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగింతలు అవుతుంది. గోడను తలకిందులుగా పడదోసే శక్తి అయితే ఎనిమిదింతలు. "ఇంకో నాలుగు వరసలు లేపెయ్యి మేస్త్రీ" అని మనం తేలిగ్గా అనే మాటకు ఇదీ ఖరీదు.

ఇప్పుడు ఆ మట్టిలో నీళ్లు నిండాయనుకోండి. 2 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు ఒక్కటే మీటరు పొడవుకు 2,000 కిలోల బలంతో తోస్తుంది. నీళ్లలో మునిగిన మట్టి తోపు కొంత తగ్గినా, రెండూ కలిపితే 2,600 కిలోలు దాటుతుంది. పొడిగా ఉన్నప్పటి 1,200కు రెట్టింపు కన్నా ఎక్కువ. ఇంకో సంగతి ఉంది, దీన్ని నమ్మడానికి చదువుకున్న నాకే చాలా కాలం పట్టింది. నీళ్ల తోపుకు సందు వెడల్పుతో సంబంధం లేదు. లోతుతోనే సంబంధం. గోడ వెనక వేలెడు సందులో 2 మీటర్ల ఎత్తు నీళ్లు నిలిచినా, గోడ వెనక ఒక చెరువే ఉన్నా, తోపు ఒక్కటే. మా అక్క పెరటి గోడ 12 మీటర్ల పొడవు. ఆ లెక్కన ఆ రాత్రి నీళ్లు ఒక్కటే దాని మీద 24 టన్నుల బలం పెట్టి ఉంటాయి. చువ్వ లేని హాలో బ్లాకు గోడ మీటరు ముక్క బరువు 600 కిలోలకు మించదు. అది ఆగుతుందా?

మరి నాలుగేళ్లు ఎలా ఆగింది? చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. మన తూర్పు కనుమల కొండల్లో చాలా భాగం ఖోండలైట్ రాయి. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరే ఆ రాయికి పెట్టారు. అది ఎండకూ వానకూ వేల ఏళ్లు చివికి ఎర్రమట్టిగా, అక్కడక్కడ తెల్లటి సుద్దగా మారుతుంది. ఎండాకాలంలో ఆ మట్టిని పదడుగులు నిలువుగా కోసినా గోడలా నిలబడుతుంది. పలుగు పెడితే ఖంగుమంటుంది. చూసినవాళ్లకు "రాయిలా ఉంది, దీనికి గోడ దండగ" అనిపిస్తుంది. కానీ ఆ గట్టిదనం మట్టి రేణువుల మధ్య ఉన్న కొద్దిపాటి చెమ్మ బిగపట్టి ఉంచిన గట్టిదనం. తడి ఇసుకతో పిల్లలు కట్టే గుడి అలాగే నిలబడుతుంది. ఒక కెరటం వచ్చి ముంచితే కూలుతుంది. నాలుగేళ్లూ మా గోడ ఏ పనీ చెయ్యలేదు. కొండ తనంతట తాను నిలబడి ఉంది. గోడకు నిజంగా పని పడిన మొదటి రాత్రే అది పడిపోయింది.

ఈ మట్టి తోపును మొదట సరిగ్గా లెక్కకట్టినవాడు కూలుంబ్. మన పిల్లలకు విద్యుదావేశాల సూత్రంతో తెలిసిన ఆ ఫ్రెంచి ఆయనే. ఆయన అసలు సైన్యంలో ఇంజనీరు. వెస్టిండీస్‌లోని మార్టినీక్ దీవిలో ఏళ్ల తరబడి కోట కట్టించాడు. అక్కడి గోడలు, మట్టికట్టలు చూసిన అనుభవంతో, 1773లో పారిస్ సైన్స్ అకాడమీ ముందు ఒక వ్యాసం సమర్పించాడు. గోడ వెనక మట్టి మొత్తం తొయ్యదనీ, ఏటవాలుగా తెగి జారే ఒక ముక్కే తోస్తుందనీ చెప్పాడు. తర్వాత 1857లో స్కాట్లండుకు చెందిన రాంకిన్ ఆ లెక్కను ఇంకా తేలిక చేశాడు. ఇందాక నేను చెప్పిన 300, 1,200 ఆయన సూత్రంతో వేసిన లెక్కలే. పాలిటెక్నిక్ చదివే కుర్రవాడు కూడా వెయ్యగలడు. నేను మా అక్క గోడకు వెయ్యలేదు.

లెక్క లేని గోడ ఎంత పని చేస్తుందో ఈమధ్య సంవత్సరాల్లో చూశాం. 2019 డిసెంబరులో తమిళనాడు మేట్టుపాళయంలో వానకు నానిన పెద్ద రాతి ప్రహరీ పక్కనున్న పేదల ఇళ్ల మీద పడి 17 మంది నిద్రలోనే పోయారు. 2024 మే 7న హైదరాబాదు శివారు బాచుపల్లిలో, కడుతున్న అపార్ట్‌మెంటు రిటైనింగ్ వాల్ గాలివానకు కూలి 7 మందిని పొట్టన పెట్టుకుంది. అందరూ బతుకుతెరువు కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో ఒకడు నాలుగేళ్ల పిల్లవాడు. అదే ఏడాది ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద విరిగిపడింది. ఇక 2025 ఏప్రిల్ 30 మన ఊళ్లో ఎవరూ మరిచిపోలేరు. సింహాచలం చందనోత్సవానికి తెల్లవారుజామున క్యూలో నిలబడిన భక్తుల మీద, రాత్రి వానకు నానిన కొత్త గోడ కూలి 7 మంది చనిపోయారు. ఆ ఉదయం నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. మా అక్క పెరట్లో ఆ గోడ సాయంత్రం ఐదింటికి పడి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన మళ్లీ వచ్చి కూర్చుంది.

సరే, ఎలా కట్టాలి?

మేస్త్రిని పిలిచే ముందు ఒకసారి స్థలం పై అంచున నిలబడి, వాన నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూడండి. వీలైతే వానలోనే చూడండి. పైవాళ్ల డాబా నీళ్లు, వాళ్ల సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత ఎక్కడున్నాయో కనుక్కోండి. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక తుఫాను రోజు 100 మిల్లీమీటర్ల వాన పడితే 10,000 లీటర్ల నీళ్లు. అంటే రెండు ట్యాంకర్లు. ఆ గొట్టం తీసుకొచ్చి మీ గోడ నెత్తిన వదిలితే, మీరు ఎంత ఇనుము వేసినా వృథాయే. పైవాళ్లతో మాట్లాడుకుని ఆ నీళ్లను పక్క కాలువకు మళ్లించుకోవడం అన్నిటికన్నా చవకైన పని. ఇంకుడు గుంతలు మంచివే, భూగర్భ జలానికి కావాలి. కానీ గోడకు ఎగువన, దగ్గర్లో ఉండకూడదు.

ఇక పునాది. ప్రహరీకి అడుగున్నర తవ్వి బెడ్డు వేసినట్టు దీనికి కుదరదు. మనిషి బరువైన బీరువాను ఆపాలంటే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడతాడు. గోడకూ అలాంటి పాదం కావాలి. గోడ ఎత్తులో సగానికి తగ్గకుండా, చాలాసార్లు మూడింట రెండొంతుల దాకా వెడల్పున్న కాంక్రీటు పాదం. అందులో ఎక్కువ భాగం గోడ వెనక్కి, మట్టి కిందికి పోవాలి. దాన్ని మడమ అంటారు. మడమ మీద కూర్చున్న మట్టి బరువే గోడను పడకుండా పట్టుకుంటుంది. 2 మీటర్ల గోడకు మీటరు మడమ ఉంటే, మీటరు పొడవుకు 3 టన్నులకు పైగా మట్టి దాని మీద కూర్చుంటుంది. తోసే మట్టితోనే కాపలా కాయించుకోవడం ఇది. నాకు ఇంజనీరింగులో ఇంతకన్నా నచ్చిన ఉపాయం ఇంకోటి లేదు.

మడమ కోసం కొండను ఇంకొంచెం లోపలికి తవ్వాలి. ఇది ప్రాణాల మీదికి వచ్చే పని. పొడవునా ఒకేసారి తవ్వెయ్యకండి. రెండు మూడు మీటర్ల చొప్పున తవ్వి, కట్టి, నింపి, ఆ తర్వాత పక్క ముక్కకు పోవాలి. కోత కింద కూలీలను కూర్చోబెట్టి భోజనాలు చెయ్యనివ్వకండి. మన కోస్తాలో సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఏప్రిల్‌లోపు ముగించాలి. జూన్ నుంచి నవంబరు దాకా కొండ కోసే పని పెట్టుకోకూడదు. ముహూర్తం బాగుందని ఆషాఢం ముందు తవ్వి వదిలేసినవాళ్లను చూశాను.

దిమ్మెల మాటకు వస్తే, మన దగ్గర సాధారణంగా 16 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు, 8 అంగుళాల మందం బ్లాకు దొరుకుతుంది. నిండు దిమ్మె అయితే 30 కిలోలు దాటుతుంది, బోలు దిమ్మె దానికి సగం పైన. బ్లాకు బండి రాగానే రెండు బ్లాకులు తీసి ఒకదానితో ఒకటి తట్టి చూడండి. ఖంగుమనాలి. గోరుతో గీస్తే ఇసుక రాలకూడదు. నీళ్లు సరిగా పట్టని బ్లాకు ఎంత కొత్తదైనా వెనక్కి పంపెయ్యండి. ఈమధ్య తెల్లటి తేలిక దిమ్మెలు వస్తున్నాయి, నీళ్లలో వేస్తే తేలతాయి. అవి ఇంటి లోపలి గోడలకు బాగుంటాయి. మట్టి ఆనే గోడకు వాటిని దగ్గరికి రానివ్వకండి.

బోలు దిమ్మెలో బలం ఆ బోలులోనే ఉంది. పునాది పోసేటప్పుడే నిలువు చువ్వలు పైకి లేపి ఉంచాలి. బ్లాకుల కన్నాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పేర్చి, ఆ చువ్వల చుట్టూ సన్న చిప్స్ కాంక్రీటు పోసి, కడ్డీతో కుక్కి నింపాలి. మూడు నాలుగు వరసలకు ఒకసారి నింపుకుంటూ పోవాలి. పైదాకా లేపేసి పైనుంచి పోస్తే మధ్యలో గాలి నిలిచిపోతుంది. కొన్ని వరసలకు ఒకసారి అడ్డంగా కూడా చువ్వలు వేసి కాంక్రీటు పట్టీ తియ్యాలి. చువ్వ ఎక్కడ పెడుతున్నారో దగ్గరుండి చూడండి. అది కన్నంలో మట్టి వైపుకు జరిగి ఉండాలి. పచ్చి చెరకు గడను ముందుకు వంచితే వెనక వైపు తోలు సాగి చిట్లుతుంది కదా, గోడ కూడా అంతే, మట్టి వైపు సాగుతుంది. సాగే చోటే ఇనుము కావాలి. మన వైపు పెట్టిన చువ్వ డబ్బు దండగ.

ఇంతవరకు చెప్పింది ముందు నుంచి కనిపించే గోడ. అసలు పని వెనక ఉంది.

నాకు ఆ సంగతి చెప్పినవాడు ఒక ముసలి రాతిపని మేస్త్రి. సీతంపేట వైపువాడు. అక్క గోడ మళ్లీ కట్టేటప్పుడు పక్క స్థలంలో రాళ్లు కొడుతున్నాడు. మా శిథిలాన్ని చూసి, బీడీ ఆర్పి, "నీరు ఎల్లడానికి దారేది బాబూ?" అన్నాడు. అంతే అన్నాడు. అతని ప్రాంతంలో సవర గిరిజనులు కొండవాలుల మీద తరతరాలుగా రాతి కట్లు కట్టి, మెట్లు మెట్లుగా వరి పండిస్తున్నారు. శ్రీకాకుళం, మన్యం కొండల్లోనూ అవతల ఒడిశా గజపతి వైపూ ఆ మెట్లు చూడొచ్చు. సిమెంటు చుక్క ఉండదు. రాయికీ రాయికీ మధ్య సందుల్లోంచి నీళ్లు జారిపోతాయి, మట్టి ఉండిపోతుంది. ఒకే ఎత్తైన గోడ పెట్టకుండా, నడుము ఎత్తు గోడలు వరసగా వేసుకుంటూ పోతారు. నేను పుస్తకంలో చదివి మరిచిపోయిన రెండు సూత్రాలూ ఆ కొండ మీద ఉన్నాయి.

సిమెంటు గోడకు రాతి సందులు ఉండవు కాబట్టి మనమే దారి ఇవ్వాలి. గోడ వెనక కనీసం అడుగు మందం, కింది నుంచి పైకి, 40 ఎంఎం కంకర నింపాలి. మట్టికీ కంకరకీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలి. నీళ్లు దాటతాయి, మట్టి దాటదు. గుడ్డ లేకపోతే రెండు వానలకు కంకర సందులన్నీ బురదతో పూడిపోతాయి. అడుగున, కన్నాలు పెట్టిన 4 అంగుళాల గొట్టం కొద్ది వాలుతో పడుకోబెట్టి, దాని కొసను పక్క కాలువలోకి తియ్యాలి. ఇది కాక గోడలోనే 3, 4 అంగుళాల పైపు ముక్కలు పెట్టాలి. మేస్త్రీలు వీప్ హోల్స్ అంటారు. మొదటి వరస నేలకు కాస్త పైన, మీటరు, మీటరున్నరకు ఒకటి. పై వరస పైపులు కింది వరస పైపుల మధ్యకు వచ్చేలా. పైపు ముందుకు వాలి ఉండాలి. వెనక్కి వాలిన పైపులు చాలా గోడల్లో చూశాను, నీళ్లు అందులో నిలిచి దోమలు పెరుగుతాయి.

కంకర వెనక నింపే మట్టి గురించి. గరప మట్టి, ఇసుక కలిసిన మట్టి మంచిది. నల్లరేగడి అసలు పనికిరాదు, తడిస్తే ఉబ్బి గోడను తోస్తుంది. ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, చెక్కలు పొయ్యకండి. ఆరంగుళాలు పోసి, కొంచెం తడిపి, దిమ్మిస కొట్టి, మళ్లీ ఆరంగుళాలు. గోడకు ఆనుకున్న మూడడుగుల మేర చేతి దిమ్మిసే వాడాలి. పొక్లెయిన్‌ను గోడ పక్కకు తెచ్చి మట్టి తోయించారా, ఇంకా పచ్చిగా ఉన్న గోడ ఆ రోజే వంగుతుంది. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు పడుతుంది. అంతవరకూ తొందరపడకండి. పైన అడుగు మందం బంకమట్టి వేసి, వెనక్కి వాలు పెట్టి, చిన్న సిమెంటు కాలువ తీస్తే వాన నీళ్లు గోడ వెనక్కి దిగకుండా పక్కకు పోతాయి.

ఈమధ్య కొత్తరకం దిమ్మెలు కూడా చూస్తున్నాం. సిమెంటు పెట్టకుండా ఒకదానికొకటి కొక్కెంలా తగిలేలా పేర్చి, ప్రతి కొన్ని వరసలకు ప్లాస్టిక్ వల లాంటి జియోగ్రిడ్‌ను వెనక మట్టిలోకి పరుస్తారు. ఫ్లైఓవర్లు ఎక్కే చోట రెండు పక్కలా పలకల్లా కనిపించే గోడలు ఈ కుటుంబంవే. 1960ల్లో ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ విడాల్ ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చాడు. మట్టినే పొరలు పొరలుగా కట్టేస్తే, ముందున్న దిమ్మె కేవలం తొడుగు అవుతుంది. వల పొడవు గోడ ఎత్తులో మూడింట రెండొంతులైనా ఉండాలి. కాబట్టి వెనక చోటు ఉన్నవాళ్లకు, మట్టి నింపే స్థలాలకు ఇది బాగుంటుంది. కొండ కోసిన ఇరుకు స్థలాలకు కుదరదు. అసలు చోటుంటే నేను చెప్పేది ఇంకా తేలిక. ఎనిమిదడుగుల గోడ ఒకటి కట్టే బదులు, నాలుగడుగుల గోడలు రెండు కట్టండి. మధ్యలో ఎనిమిదడుగుల మెట్టు వదలండి. అందులో కూరపాదులు వేసుకోవచ్చు. రెండు గోడలు మరీ దగ్గరైతే పై గోడ భారం కింది గోడ మీద పడుతుంది, అప్పుడు లాభం లేదు.

గోడ నాలుగడుగులు దాటితే స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క వేయించి, డ్రాయింగు గీయించండి. వెనక ఇల్లుంటే, కారు నిలిపే చోటుంటే నాలుగడుగుల లోపైనా వేయించండి. మా మేస్త్రి ముప్పై ఏళ్లుగా కడుతున్నాడు అంటారు. నిజమే, అతని చేతిపని నాకు రాదు. కానీ గోడ వెనక నీళ్లు ఎంత బలంతో తోస్తాయో చేతికి తెలియదు, కాగితం మీదే తెలుస్తుంది. లక్షలు పోసి గ్రానైటు పరిచే ఇంట్లో ఈ ఒక్క కాగితానికి డబ్బు లేదనడం నాకు కష్టంగా ఉంటుంది. ఎందుకంటే ఆ గోడ కింద ఉండేది చాలాసార్లు కట్టించినవాళ్లు కాదు, కింది ఇంటివాళ్లు.

కట్టాక చూసుకోవాల్సింది ఒకటుంది. నేను ఇళ్లకు వెళ్లినప్పుడు తరచూ చూస్తాను, వీప్ హోల్స్‌కు సిమెంటు పూసేసి ఉంటుంది. ఎందుకండీ అంటే, "ఎర్రనీళ్లు కారి పెయింటు పాడవుతోందండి" అంటారు. లేదా "పాములు, తేళ్లు వస్తాయని". తేళ్ల భయం ఉంటే పైపు మూతికి తుప్పు పట్టని సన్నజాలీ బిగించండి. ఏడాదికోసారి, వానాకాలం ముందు, కడ్డీ పెట్టి పొడిచి శుభ్రం చెయ్యండి. గోడ పై అంచు నుంచి తూకం గుండు వదిలి, పైనా కిందా దారానికీ గోడకీ ఎన్ని అంగుళాల ఎడం ఉందో కొలిచి, తేదీతో సహా గోడ మీదే బొగ్గుతోనో పెయింటుతోనో రాసి పెట్టండి. మరుసటి ఏడాది మళ్లీ కొలవండి. అంకె మారిందంటే గోడ కదులుతోంది. గోడ మధ్యలో పొట్ట వచ్చినట్టు ఉబ్బినా, అడ్డంగా పగులు తీసినా, పైన నేల గోడ నుంచి విడిపోయి నెర్ర కనిపించినా, వాన రోజుల్లో ఆ గోడ కింద ఎవరినీ పడుకోనివ్వకండి. పశువులను కూడా కట్టకండి. ఇంజనీరు వచ్చేదాకా పైన టార్పాలిన్ కప్పి నీళ్లు దిగకుండా చూడండి.

వాన రోజున వీప్ హోల్స్ దగ్గరికి వెళ్లి చూడండి. తేటనీళ్లు కారుతుంటే గోడ వెనక అంతా సవ్యంగా ఉంది. ప్రతి వానకూ బురదనీళ్లే వస్తుంటే, కంకర దాటి మట్టి కొట్టుకుపోతోంది, పైన ఎక్కడో గుంత పడుతుంది. జోరువానలో కూడా చుక్క రాకపోతే అన్నిటికన్నా ఎక్కువ భయపడండి. నీళ్లు ఆగిపోలేదు, లోపల నిలుస్తున్నాయి.

మా అక్క గోడ రెండోసారి ఫిబ్రవరిలో మొదలుపెట్టి మార్చి నెలాఖరుకు పూర్తి చేశాం. ఈసారి రెండు మెట్లుగా. ప్రతి రోజూ నేను దగ్గరున్నాను. పాత బ్లాకుల్లో విరగనివి ఒక్కటీ వాడలేదు. బావగారు ఖర్చు గురించి ఒక్క మాట అనలేదు, కంకర పోసేటప్పుడు తాను కూడా ఒక గమేళా అందుకున్నారు.

జూన్‌లో మొదటి పెద్ద వాన రోజు అక్క ఫోను. గొంతులో కంగారు. "ఒరేయ్, గోడలోంచి నీళ్లు కారుతున్నాయిరా. అన్ని గొట్టాల్లోంచీ."

"ఏ రంగులో ఉన్నాయక్కా?"

ఫోను పట్టుకునే వానలోకి వెళ్లింది. రేకుల మీద చినుకుల చప్పుడు వినిపిస్తోంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"గ్లాసు పట్టి చూశాను" అంది. "తేటగా ఉన్నాయిరా."